అశ్వఘోషుని రాజమార్గం

సంస్కృత మహాకావ్యాలలో మనకు దక్కినవాటిని కాలక్రమంలో పేర్చితే మొదటి వరుసలో నిలిచేది అశ్వఘోషుని బుద్ధచరితం. కవి సాకేతవాసి, సువర్ణాక్షీపుత్రుడు. క్రీస్తుశకం మొదటి, రెండవ శతాబ్దుల నడుమ ఉండినవాడని పండితుల అభిప్రాయం. 28 సర్గల ఈ కావ్యానికి సంస్కృత మూలం 14వ సర్గ నడుమ తెగిపోయింది. ఆ పైభాగం చైనా, టిబెట్ అనువాదాల మూలంగానే లోకానికి తెలిసింది. 7వ శతాబ్దిలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఈ కావ్యాన్ని భారతదేశంలోనూ దక్షిణ సముద్ర ద్వీపాలలోనూ విరివిగా పఠించేవారని వ్రాశాడు. తరువాత చాలా కాలం మరుగున పడి, 1893లో కావెల్ ప్రచురణతోనూ, 1930ల నడుమ జాన్‌స్టన్ పరిష్కరణతోనూ మళ్ళీ పఠితల ముందుకు వచ్చింది.

తెలుగువారికి బుద్ధకథ కొత్త కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు మహాభినిష్క్రమణాన్ని రాతిలో మలిచారు. తిరుపతి వేంకట కవులు బుద్ధచరిత్రను పద్యకావ్యంగా సంతరించారు. అశ్వఘోషుని రెండవ కావ్యమైన సౌందరనందంలోని కథను పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు గారలు జంటగా తెలుగు కావ్యం చేశారు. అయితే ఈ చిరపరిచయం ఒక ఇబ్బందిని కూడా తెచ్చిపెట్టింది. వృద్ధుడు, రోగి, శవం, భిక్షువు అనే నాలుగు దర్శనాలను మనం గోడమీది పటాన్ని చూసినట్లు చూసి దాటిపోతున్నాం. అంతఃపురంలో పెరిగిన రాకుమారునికి లోకం తెలియదు, ఒకనాడు బయటికి వెళ్ళాడు, చూశాడు, విరక్తుడైనాడు: ఇంతే కదా కథ అనుకుంటున్నాం. మూలకావ్యాన్ని నిదానంగా చదివితే కథ ఇంత సులువైనది కాదని తెలుస్తుంది. అందులో దుఃఖం తెలియకపోవడం సహజంగా కలిగిన స్థితి కాదు. అది పనిగట్టుకొని నిర్మించినది. దానికి అధికారులున్నారు, ఖర్చున్నది, శాస్త్రాధారమున్నది, అన్నింటికీ మించి ప్రేమ ఉన్నది. సత్యాన్వేషణకు బయలుదేరిన రాకుమారుడు సైతం ఆ నిర్మాణం నుంచి పూర్తిగా తప్పించుకోలేదని కవి చూపించాడు. ఈ రెండవ మాట మన విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు.

మూడవ సర్గ మొదటి శ్లోకాలనే తీసుకొందాం. నగరోద్యానాల సౌందర్యాన్ని గురించి విని, ఇంట కట్టివేసిన ఏనుగువలె ఉన్న కుమారుడు బయటికి పోవాలని కోరుకుంటాడు. రాజు విహారయాత్రకు ఆజ్ఞ ఇస్తాడు. ఆ ఆజ్ఞలోనే మరొకటి ఉన్నది: కుమారుని మెత్తని మనస్సు కలతపడకుండా, ఆర్తులైన సామాన్యులెవ్వరూ రాజమార్గం మీద కనబడరాదు. అంతట అంగహీనులనూ, వికలాంగులనూ, వృద్ధులనూ, రోగులనూ, దీనులనూ అన్ని వైపుల నుంచీ తొలగించి, అటుపిమ్మట మార్గాన్ని అలంకరిస్తారు. ఇక్కడ కవి వాడిన ఒక్క విశేషణం గమనింపదగినది. వారిని తొలగించినది దండంతో కాదు, పరమ సామంతో. నచ్చజెప్పి, మంచిమాటలాడి పంపించారు. క్రూరుడైన రాజు కొరడాతో జనాన్ని తరిమినట్లు వ్రాసి ఉంటే మన కోపానికి ఒక గురి దొరికేది. అశ్వఘోషుడు ఆ సౌకర్యాన్ని మనకు ఇవ్వలేదు. శుద్ధోదనుడు దుష్టుడు కాడు. కన్నీటితో కొడుకు శిరస్సును ముద్దాడి, వెళ్ళిరమ్మని నోటితో అన్నాడే గాని మనసుతో విడువలేదని అదే సందర్భంలో కవి చెప్పాడు. పరుల బాధను తన బిడ్డ కంటబడనీయకుండా కాపాడుకొనడం ఏ తండ్రికైనా వాత్సల్యంగానే తోస్తుంది. ఆ వాత్సల్యం జరిగినందుకు మరెవ్వరో వీధి విడిచి పోవలసి వచ్చింది.

ఇంతలో మరొక శ్లోకం వస్తుంది. రాకుమారుని చూడడానికి జనం బయటికి వచ్చిన సన్నివేశంలో, గొప్ప ఇళ్ళ నుంచి గూనివారు, మరుగుజ్జులు, కిరాతులు బయటికి వచ్చి నమస్కరించారంటాడు కవి. వికలాంగులను వీధి నుంచి తొలగించి ఏడెనిమిది శ్లోకాలైనా కాలేదు. ఈ గూనివారు ఎక్కడి నుంచి వచ్చారు? వీరు ధనికుల ఇళ్ళలో పరిచారకులు, వినోదసాధనాలు. దిక్కులేని గూనివాడు కుమారుని మనస్సుకు ప్రమాదం; ఇంటి సేవకుడైన గూనివాడు వైభవానికి అలంకారం. కుమారుడు వీరిని చూశాడు, కాని చూసి కలతపడలేదు. దుఃఖాన్ని కంటికి కనబడకుండా చేయడానికి ఎప్పుడూ తొలగించనక్కరలేదు. దానికొక ఉద్యోగమిచ్చి ఇంట నిలిపినా చాలును. ఈ రెండు శ్లోకాల ఎదురుబొదురును కవి బుద్ధిపూర్వకంగా పెట్టాడా అన్న ప్రశ్నకు నిశ్చయమైన సమాధానం లేదు. సేవకుల వర్ణన నగరవర్ణనలో మామూలు సామగ్రి. కాని కావ్యంలో నిలిచినది నిలిచినట్లు చదవడం విమర్శకుని విధి.

తరువాత జరిగినది అందరికీ తెలుసు. శుద్ధాధివాస దేవతలు ఒక వృద్ధుని సృష్టించి మార్గంలో నిలుపుతారు. కుమారుడు అడుగుతాడు, సారథి చెబుతాడు. ఇతడూ ఒకప్పుడు పాలు త్రాగిన శిశువే, నేలమీద ప్రాకినవాడే, యువకుడై వెలిగినవాడే అని సారథి చెప్పే వరుస సామాన్యమైన మాటలతో కూడినదే గాని తప్పించుకోరానిది. నాకూ ఇంతేనా అని కుమారుడు అడుగుతాడు. ఇక్కడ సాధారణ పాఠకుడు ఒక పొరపాటు పడుతున్నాడు. రాకుమారుడు వృద్ధుని చూసి కలతపడ్డాడనుకుంటాడు. కావ్యంలో అతని కలత అక్కడితో ఆగదు. వృద్ధుని చూసి, వెంటనే అతని చుట్టూ ఉల్లాసంగా తిరుగుతున్న జనాన్ని చూస్తాడు. ప్రత్యక్షంగా దీన్ని చూస్తూ కూడా లోకానికి సంవేగం కలగడం లేదేమని అతని ఆశ్చర్యం. రోగిని చూసినప్పుడూ ఇదే. రోగభయం తీరని మనుషులు నవ్వుతున్నారే, వీరి అజ్ఞానం ఎంత విశాలమైనదని అంటాడు. శవాన్ని చూసినప్పుడూ ఇదే. అంతం అందరికీ ఒకటే అయినా ఈ జనం ఏమరి ఉన్నారే, ఎంత గట్టి గుండెలివి అంటాడు. సారథి సైతం మొదటి దర్శనంలోనే, లోకానికి ముసలితనం సంగతి తెలుసుననీ, తెలిసీ కోరుతుందనీ సూచించాడు. అంటే రాజు కొడుకు కోసం కట్టిన గోడ ఒకటి, ప్రజలు తమకోసం తామే కట్టుకొన్న గోడ మరొకటి. మొదటిది ఇటుకలది; దేవతలు తలచుకొంటే దానిలో సందు చేయగలరు. రెండవ దానికి సందు లేదు. ఎందుకంటే ఆ జనానికి దాచినది ఏమీ లేదు.

ఈ మాట పట్టుకొంటే, బుద్ధకథను గురించిన ఒక ప్రబలమైన ఆక్షేపణకు సమాధానం వెదకవచ్చును. డాక్టర్ అంబేడ్కర్ తన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు - అతని ధమ్మం’ గ్రంథం పీఠికలోనే ఈ ప్రశ్న వేశాడు. బుద్ధుడు ఇల్లు విడిచినది 29వ ఏట. ముసలితనం, రోగం, మరణం నిత్యం వందలకొద్దీ జరిగే విషయాలు. అంత వయస్సు వచ్చేవరకు ఆయన వీటిని చూడలేదంటే నమ్మడం ఎలా? నాలుగు దర్శనాల కథను త్రోసిపుచ్చి, రోహిణీనది నీటికోసం శాక్య, కోలియుల నడుమ వచ్చిన వివాదాన్ని గృహత్యాగానికి కారణంగా ఆయన స్వీకరించాడు. చరిత్ర దృష్టితో ఈ ఆక్షేపణ న్యాయమైనది. పాళీ నికాయాలను పరిశీలించినా, గౌతముడు తన గృహత్యాగాన్ని తానే చెప్పుకొన్న అరియపరియేసన సుత్తంలో రథమూ లేదు, నాలుగు దర్శనాలూ లేవు. తల్లిదండ్రులు కంటతడి పెట్టుకొంటూ ఉండగా జుట్టు తీయించుకొని వెళ్ళినట్లు మాత్రమే ఉన్నది. నాలుగు దర్శనాలు మహాపదాన సుత్తంలో పూర్వబుద్ధుడైన విపస్సి కథగా కనబడతాయి.

అంగుత్తర నికాయంలోని మరొక సుత్తం ఈ చర్చకు ఇంకా దగ్గరిది. తాను ఎంత సుకుమారంగా పెరిగిందీ, మూడు ఋతువులకు మూడు మేడలు ఉండినదీ చెప్పి, గౌతముడు అక్కడ ఒక ఆలోచనను వివరిస్తాడు. ముసలితనం తప్పని మనిషి మరొక ముసలివాని చూసి, తన సంగతి మరచి, ఏవగించుకొంటాడు. అది తనకు తగదు. ఇలా ఆలోచించగా తనలోని యౌవనమదం, ఆరోగ్యమదం, జీవితమదం తొలగిపోయినవని ఆయన అంటాడు. ఇందులో దాచిపెట్టిన రాజు లేడు, దారి శుభ్రపరచిన అధికారి లేడు. చూస్తూ చూడకపోవడం ఉన్నది. దానికి పేరు మదం. అశ్వఘోషుడు ఈ ఆలోచనను విడువలేదు. అయిదవ సర్గలో దీన్ని ఇంచుమించు యథాతథంగా నిలిపాడు. మూడవ సర్గలో మాత్రం మనిషి లోపలి మదానికి బయట ఒక రూపం కల్పించాడు. కపిలవస్తు రాజమార్గం 29 ఏండ్ల యువకునికి లోకం ఎలా తెలియలేదో చెప్పే చరిత్ర కాదు. తెలిసిన దానిని తెలియనట్లు ఉంచుకొనడానికి మనిషి ఎంత ఏర్పాటు చేసుకొంటాడో చూపే చిత్రం. అంబేడ్కర్ ప్రశ్నకు చరిత్రగా ఈ కథ నిలువదు. కావ్యంగా ఆ ప్రశ్ననే ఇది మన మీదికి త్రిప్పుతుంది. నిత్యం వందలకొద్దీ జరిగేవాటిని మీరు మాత్రం చూశారా?

ఆ ఏర్పాటును కవి ఎంత వివరంగా చూపాడో మరికొంత చూడాలి. రెండవ యాత్ర కూడా చెడిన తరువాత రాజు మార్గశౌచాధికారి మీద కోపగించుకొంటాడు, అయినా ఉగ్రదండన విధించడు. అంటే అంతటి ఉద్యోగమొకటి ఉన్నదన్నమాట. ఆర్తులను వీధి నుంచి తొలగించే పనికి పేరు శౌచం. దీనులు మాలిన్యం, వారు లేకపోవడం పరిశుభ్రత. ఈ పదప్రయోగం దగ్గర భారతీయ పాఠకుడు క్షణం నిలువక తప్పదు. మూడవ యాత్రకు రాజు సారథినీ, రథాన్నీ మార్చి పంపుతాడు. సమాధానం చెప్పేవాని మారిస్తే ప్రశ్న పుట్టదని ఆయన ఊహ. మార్చినా ప్రయోజనం లేకపోయింది. కొత్త సారథీ నిజమే చెప్పాడు. అయినా, వెనుకకు మరల్చమని కుమారుడు ఆజ్ఞాపించినా వినక, రాజాజ్ఞ ప్రకారం రథాన్ని ఉద్యానానికే తోలాడు. శవాన్ని చూసిన కన్నులు ఆరకముందే వనంలో స్త్రీల మధ్య నిలువవలసిన ఆ రాకుమారుని స్థితి కరుణమైనది.

ఇక్కడ కావ్యకళకు సంబంధించిన ప్రశ్న ఒకటి పుడుతుంది. మన రచయితలకు అన్నింటికంటె ముఖ్యమైనది ఇదే. ఆ గోడ కట్టడానికి వాడిన సామగ్రి ఏమిటి? సంగీతం, వసంతం, అలంకారం, చాటూక్తి, పురాణకథ. ఇవన్నీ కావ్యసామగ్రి. రాకుమారుని చూడడానికి కిటికీల వద్దకు పరుగెత్తిన స్త్రీల వర్ణన మూడవ సర్గలో ఎంతో మనోహరంగా సాగుతుంది. ఇటువంటి వర్ణననే కాళిదాసు రఘువంశం ఏడవ సర్గలో అజుని కోసమూ, కుమారసంభవం ఏడవ సర్గలో శివుని కోసమూ చేశాడు. ఎవరు ఎవరికి ఋణపడ్డారన్న చర్చను పండితులు కావలసినంత చేశారు. ఆ వర్ణన ఎక్కడికి దారి తీస్తుందన్నది నాకు అంతకంటె ముఖ్యం. కాళిదాసు కిటికీల నుంచి చూపులు వివాహవైభవం మీదికి పోతాయి. అశ్వఘోషుని కిటికీల క్రింద, ఆ పూలవాన ఆగకముందే, వృద్ధుడు నిలబడి ఉన్నాడు. పాఠకుడు వర్ణనలో మైమరచి ఉన్నంతసేపూ అతడూ ఆ రాజమార్గం మీది జనంలో ఒకడే. ఇది కవి మనకు చేసిన మర్యాద కాదు, పరీక్ష.

నాలుగవ సర్గలో పురోహితపుత్రుడైన ఉదాయి వాదం ఇంకా సూక్ష్మమైనది. స్త్రీల పట్ల దాక్షిణ్యం చూపడం సజ్జనధర్మమంటాడు. ఇంద్రుడు, అగస్త్యుడు, బృహస్పతి మొదలైనవారిని వరుసగా ఉదాహరిస్తాడు. పవిత్రమైన ప్రాచీన కథలు, మర్యాదలు, పాండిత్యం అన్నీ ఒక యువకుని దృష్టిని మరల్చడానికే వినియోగపడుతున్నాయి. రాకుమారుని సమాధానం హుందా అయినది. విషయాలను తాను తృణీకరించడం లేదనీ, జర, వ్యాధి, మృత్యువు లేకపోతే తనకూ వాటిలో సుఖమే ఉండేదనీ అంటాడు. ఇది లోకద్వేషి మాట కాదు. అతనిని కదిలించినది లోకం మీది ఏవగింపు కాదు, లోకం తనను తాను మభ్యపెట్టుకొనే తీరు.

అయిదవ సర్గలో కుమారుడు అడవిని చూడబోతూ దున్నుతున్న పొలాన్ని చూస్తాడు. నాగటిచాలులో పచ్చిక తెగి చెల్లాచెదరయింది. పురుగులు, వాటి పిల్లలు నలిగి చచ్చినవి. సొంత చుట్టాలు పోయినట్లు శోకిస్తాడు. గాలికి, ఎండకు, దుమ్ముకు రంగు మారిన దున్నేవారిని చూస్తాడు. కాడి మోసి అలసిన ఎద్దులను చూస్తాడు. గుర్రం దిగి, మెల్లగా నడచి, నేరేడు చెట్టు క్రింద కూర్చుంటాడు. అక్కడ అతనికి మొదటి ధ్యానం కలుగుతుంది. నా అభిప్రాయంలో కావ్యానికంతటికీ ఇది గుండెకాయ. ఇక్కడ దేవతలు ఏమీ సృష్టించలేదు, సారథి ఏమీ చెప్పలేదు. దీన్ని ఏ అధికారీ దాచలేదు. ఏరువాక సాగే దేశంలో ఎవరికి ఇది తెలియదు? ఏటేటా అందరూ చూసేదే, పండుగగా చేసుకొనేదే. రాజమార్గం మీద దాచినదానిని చూడడం నేర్చిన కన్ను, పొలంలో దాచనిదానిని కూడా చూడగలిగింది. ఆధ్యాత్మిక తృష్ణ అంటే లోకం నుంచి కన్ను మూసుకొనడమన్న భావం మనలో బాగా నాటుకొని ఉన్నది. అశ్వఘోషుని క్రమం దీనికి విరుద్ధం. చూపు ముందు, ధ్యానం తరువాత.

ఇంతవరకు కవిని మెచ్చుకొన్నాం. ఇక్కడ ఒక లోటును కూడా చెప్పవలసి ఉన్నది. దున్నేవాని ఎండిన మేనిని చూసిన కుమారుడు మరుక్షణమే జగత్తు పుట్టుక, నాశం గురించిన చింతనలోకి వెళ్ళిపోతాడు. ఆ పొలం ఎవరిది, పంట ఎవరికి పోతుంది అన్న ప్రశ్నలు అతనికి తట్టవు. ముసలితనం అందరికీ వస్తుంది. ఎండకు మాడడం అందరికీ రాదు. సర్వం దుఃఖమయం అన్న పెద్ద వాక్యం క్రింద ఒక్కొక్కరి దుఃఖమూ దాగిపోయే ప్రమాదమున్నది. రోహిణీనది నీటి తగవును అంబేడ్కర్ తిరిగి కథలోకి తెచ్చినది బహుశః ఈ లోటును పూరించడానికే. ఆ నీళ్ళతోనే ఈ పొలాలు పండాలి.

ఇదే సర్గలో మరొక చోట ఇంతకంటె తీవ్రమైన వైరుధ్యం కనబడుతుంది. తనవంటి స్వభావం గల పరుని ఏవగించుకొనడం తగదని నేరేడు చెట్టు క్రింద నిశ్చయించుకొన్నవాడే, ఆ రాత్రి నిద్రిస్తున్న అంతఃపురస్త్రీలను చూసి, స్త్రీస్వభావం అశుచి, వికృతం అని ఏవగించుకొంటాడు. ఆ స్త్రీలు ఎవరు? ఒకతె చేతిలో వేణువున్నది, ఒకతె మృదంగాన్ని కౌగిలించుకొని పడి ఉన్నది, ఒకతె వీణమీద ఒరిగి ఉన్నది. రాత్రి చాలాసేపటి వరకు అతనికోసం వాయించి, అలసి, వాద్యాలు వదలకుండానే ఒరిగినవారు. కాడి మోసిన ఎద్దు అలసటను చూసిన కన్ను వీరి అలసటను చూడలేదు. మార్గాన్ని శుభ్రపరచిన అధికారి భాషలో దీనులు మాలిన్యం. సత్యాన్వేషి భాషలో ఈ స్త్రీలు అశుచి. గోడ దాటిపోతున్న క్షణంలోనే ఒక చిన్న గోడ అతని వెంట వెళుతున్నది. వైరాగ్యవాఙ్మయంలో ఇది మామూలు ధోరణి అని సరిపెట్టుకోవచ్చును. కాని అశ్వఘోషుడు ఇక్కడితో ఆగక ఎనిమిదవ సర్గ వ్రాశాడు.

ఎనిమిదవ సర్గ అంతా వెనుక మిగిలినవారిది. ఛందకుడు ఒట్టి గుర్రంతో తిరిగి వస్తాడు. నగరం రాముడు లేని అయోధ్యవలె ఉన్నది. యశోధర ఛందకుని మీద, మూగ జంతువైన కంథకం మీద సైతం విరుచుకుపడుతుంది. ఆనాటి రాత్రి సకిలించి మమ్మల్ని ఎందుకు లేపలేదని ఆ గుర్రాన్ని నిలదీస్తుంది. ధర్మం చేయదలచినవాడు సహధర్మచారిణిని విడిచి చేసే ధర్మమేమిటని ఆమె ప్రశ్న. పూర్వరాజులు భార్యలతో కూడ వనాలకు వెళ్ళలేదా అని ఆమె నిదర్శనాలు చూపుతుంది. తనకు భర్త ముఖం చూసే భాగ్యం లేకపోతే పోనీ, ఈ రాహులుడు తండ్రి ఒడిలో ఎన్నడూ పొర్లకూడదా అంటుంది. ఛందకుడు ఇది దేవతల పని అని చెప్పి తప్పించుకొంటాడు. ఆమె తర్కానికి అది సమాధానం కాదు. కవి బౌద్ధుడు, బుద్ధుడు అతనికి ఆరాధ్యుడు. అయినా ఆ ఆరాధ్యుని వలన కలిగిన దుఃఖాన్ని మార్గం మీది నుంచి తొలగించలేదు. మార్గశౌచాధికారి పనిని కవి తన కావ్యానికి చేయలేదు. ఆరు సంవత్సరాల ఘోరతపస్సు తరువాత, చిక్కిన శరీరంతో సత్యం అందదని గ్రహించి, నందబల అనే గోపకన్య ఇచ్చిన ఆహారాన్ని సిద్ధార్థుడు స్వీకరించిన ఘట్టాన్ని కూడా ఈ వరుసలోనే చదవాలని నా మనవి. ఏవగించుకొని విడిచివచ్చిన స్త్రీజాతి చేతి అన్నంతోనే అన్వేషణ నిలిచింది.

బుద్ధచరితంలో దుఃఖితులు ఎంత మాట్లాడారు? వృద్ధుడు మాట్లాడలేదు, శవం మాట్లాడదు. రోగి ఒక్క మాట అంటాడు: అమ్మా అని. మార్గం నుంచి తొలగింపబడినవారు ఏమనుకొన్నారో కావ్యం చెప్పదు. వారిని చూసినవాని సంవేగమే కథ. తొలగింపబడినవాడే మాట్లాడితే కావ్యం ఎలా ఉంటుందో తెలిసికొనడానికి మన సాహిత్యం ఇరవయ్యవ శతాబ్ది వరకు ఆగవలసి వచ్చింది. 1922లో వెలువడి, ప్రభుత్వ నిషేధానికి గురి అయిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లిలో రామదాసు తత్త్వజ్ఞాని. పరమార్థాన్ని వెదకడం మేడలలో విసుగెత్తినవారి హక్కు మాత్రమే కాదని ఆ పాత్ర ఋజువు చేసింది. అయితే ఆ తత్త్వశాంతి చాలునా అన్న ప్రశ్న కూడా ఆ నవలలోనే, రామదాసు ఇంటిలోనే, తిరుగుబాటుదారైన కుమారుని రూపంలో నిలిచి ఉన్నది.

1941లో వచ్చిన జాషువ గబ్బిలం ఇంకా సూటిగా మన ప్రస్తావనకు వస్తుంది. ఆలయంలో అడుగుపెట్టరాని ఒక పేదవాడు తన గోడును కాశీలోని విశ్వనాథునికి విన్నవించుమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి గుడిలో చోటున్నది, మనిషికి లేదు. మేఘసందేశపు పద్ధతిని తీసుకొని విరహం ఉండే చోట వివక్షను ఉంచాడు కవి. కపిలవస్తులో దీనులను తొలగించినది రాజకుమారుని కంటి కోసం. ఇక్కడ తొలగించినది దేవుని కంటి కోసమట. శౌచమనే మాట రెండు చోట్లా అదే పని చేస్తున్నది. కాని గబ్బిలంలో దైవాన్ని కోరుతున్నది తొలగింపబడినవాడే. దుఃఖం వేరొకచోట, సత్యతృష్ణ వేరొకచోట లేవు. రెండూ ఒక్క గొంతులో ఉన్నవి. అశ్వఘోషుని రోగి అన్న ఒక్క మాట ఇక్కడ కావ్యమంత అయింది.

సౌందరనందం చివర అశ్వఘోషుడు తన రచనోద్దేశాన్ని చెప్పుకొన్నాడు. చేదు మందులో తేనె కలిపినట్లు, మోక్షవిషయాన్ని కావ్యంలో కలిపి ఇచ్చానన్నాడు. ఈ మాటను మనవారు తరచుగా కావ్యం నీతిబోధకు సాధనమన్న వాదానికి వాడుకొన్నారు. మూడవ సర్గను చదివిన తరువాత ఆ ఉపమానం నాకు వేరుగా తోస్తుంది. తేనె ఎంత ప్రమాదకరమైనదో అశ్వఘోషునికి బాగా తెలుసు. శుద్ధోదనుడు వాడినదీ తేనెనే. ఉదాయి మాటలలోనిదీ తేనెనే. మందు లేని తేనె కపిలవస్తు రాజమార్గం. మన భావకవిత్వంలోనూ, భక్తిగీతాలలోనూ, నేటి వేదాంతవ్యాసాలలోనూ తేనెకు కొరత లేదు. వాటిని తీసివేయమని అనడం లేదు. కిటికీల వర్ణనను అశ్వఘోషుడు తీసివేయలేదు. దాని క్రింద ఎవరు నిలబడి ఉన్నారో చూడమన్నాడు.

ఒక రచన సత్యాన్ని వెదకుతున్నదని చెప్పుకొన్నప్పుడు, దాని మార్గం మీది నుంచి ముందుగా ఎవరిని తొలగించారని విమర్శకుడు అడగాలి. ఈ ప్రశ్నను నీతికోసం కాదు, కావ్యం కోసమే అడగాలి. బుద్ధచరితంలో ఎనిమిదవ సర్గ లేకపోయి ఉంటే అది భక్తుని స్తోత్రంగా మిగిలి ఉండేది. యశోధర ప్రశ్నకు సమాధానం దొరకకపోయినా ఆ ప్రశ్నను ఉంచినందువల్లనే ఈ కావ్యం నేటికీ చదువదగినదిగా ఉన్నది.